రెండు మూడు రాత్రుల విడిదికి ఏ సరస్సు ఒడ్డు: హైదరాబాదా, ఉదయ్‌పూరా, భోపాలా?

పెళ్ళిరోజుకో, పిల్లల పరీక్షలు అయ్యాకో కాస్త దర్జాగా రెండు మూడు రాత్రులు గడిపి వద్దామనుకుంటే విజయవాడ, గుంటూరు ఇళ్ళల్లో ముందు వినిపించేది విశాఖ సముద్రం, లేదంటే అరకు కొండ. సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద ఊరు ఆ జాబితాలోకి తొందరగా రాదు. నిజానికి పొట్టి సెలవుకు అదే బాగా కుదురుతుంది. పగలు తిరగడానికి మ్యూజియంలు, కోటలు, బజార్లు ఉంటాయి. సాయంత్రానికి నడవడానికి గట్టు, ఎక్కడానికి పడవ, నీళ్ళ పక్కన భోజనం దొరుకుతాయి. ఎండ ఎక్కువైనా, వాన పడినా రోజు వృథా పోదు.

మనకు అందుబాటులో ఉన్నవాటిలో పోల్చదగ్గవి మూడు: హైదరాబాద్, ఉదయ్‌పూర్, భోపాల్. ఏది ఎంచుకోవాలన్నది చూడాల్సిన చోట్ల సంఖ్యను బట్టి తేల్చుకుంటే పొరపడతాం. సరస్సున్న ఊరి అందమంతా సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది లోపే. కాబట్టి మీ సెలవులో నీళ్ళ పక్కన తీరిగ్గా కూర్చునే సాయంత్రాలు ఎన్ని మిగులుతాయో ముందు లెక్కవేయండి. ఆ లెక్క తేలితే గది, భోజనం, కొనుగోళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి.

ముందు ప్రయాణం లెక్క

హైదరాబాద్‌కు విజయవాడ నుంచి జాతీయ రహదారి 65 మీద సుమారు 275 కిలోమీటర్లు. కారులో ఐదు గంటలు వేసుకోవాలి. రైల్లో అయితే విశాఖపట్నం–సికింద్రాబాద్ వందే భారత్ విజయవాడ నుంచి నాలుగు గంటల పైచిలుకులో దింపుతుంది. పొద్దున్నే బయల్దేరేవాళ్ళకు శాతవాహన ఉండనే ఉంది. గుంటూరు వాళ్ళకు తిరుపతి–సికింద్రాబాద్ వందే భారత్ గుంటూరులోనే ఆగుతుంది. శుక్రవారం ఆఫీసు ముగించుకుని సాయంత్రం ఎక్కడానికి వీలుగా ఉంటుంది గానీ, దిగేసరికి బాగా పొద్దుపోతుంది. ఆ రాత్రి మెట్రో మీద ఆశ పెట్టుకోకుండా క్యాబ్ ఖర్చు కలుపుకోండి. వారంలో ఏ రోజు నడవదో కూడా టికెట్ తీసేముందే చూసుకోవాలి.

కారులో వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్ళు శుక్రవారం సాయంత్రం ఊళ్ళకు బయల్దేరి, ఆదివారం సాయంత్రం తిరిగి వెళ్తారు. పంతంగి టోల్ గేటు దగ్గర బారులు తీరేది అందుకే. విడిదికి వెళ్ళే మీరు శుక్రవారం హైదరాబాద్ వైపు, ఆదివారం విజయవాడ వైపు వస్తారు, అంటే రెండుసార్లూ రద్దీకి ఎదురుగానే. రద్దీ మీకు తగిలేది ఊరి లోపల, ఎల్బీనగర్ దగ్గర. మాదాపూర్ వైపు దిగేవాళ్ళు పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ రింగు రోడ్డు ఎక్కి గచ్చిబౌలిలో దిగడం మేలు. దూరం పెరుగుతుంది, టోల్ కూడా పడుతుంది, కానీ ఊరి మధ్యలో ఇరుక్కునే బాధ తప్పుతుంది.

ఉదయ్‌పూర్‌కు గన్నవరం నుంచి విమానం మారి వెళ్ళాలి. హైదరాబాద్, ముంబై, ఢిల్లీ మూడు దారులూ ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ దారి పెట్టుకోకండి. అక్కడి పొగమంచుకు ఉదయం విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి, మీ రెండో విమానం వెళ్ళిపోతుంది. ఆ నెలల్లో గన్నవరంలోనూ తెల్లవారుజామున మంచు పడుతుంది కాబట్టి మొట్టమొదటి విమానం కంటే ఎండ వచ్చాక బయల్దేరేది ఎంచుకోవడం క్షేమం. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండేలా కొనండి. విడివిడిగా కొంటే వందలు మిగలొచ్చు, కానీ మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే రెండో కంపెనీకి బాధ్యత ఉండదు. సామాను కూడా మధ్యలో తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. ఉదయ్‌పూర్ విమానాశ్రయం ఊళ్ళో కాదు, డబోక్‌లో ఉంది. పిచోలా సరస్సు దాకా పాతిక కిలోమీటర్లు, దాదాపు ముప్పావు గంట. గుంటూరు వాళ్ళకైతే గన్నవరం చేరే సమయం కూడా దీనికి కలుస్తుంది.

భోపాల్‌కు విజయవాడ నుంచి నేరుగా రైళ్ళున్నాయి: గ్రాండ్ ట్రంక్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్, ఏపీ ఎక్స్‌ప్రెస్. వరంగల్, బల్లార్షా, నాగపూర్ మీదుగా వెయ్యి కిలోమీటర్లు దాటిన దారి. పదిహేను గంటలకు పైమాటే. వెళ్ళడానికో రోజు, రావడానికో రోజు పోతాయి. హైదరాబాద్‌లో విమానం మారితే ఆ రోజులు మిగులుతాయి.

ఇప్పుడు సాయంత్రాలు లెక్కించండి. శనివారం పొద్దున్నే బయల్దేరి సోమవారం తిరిగొస్తే హైదరాబాద్‌లో రెండు నిండు సాయంత్రాలు. శుక్రవారం సెలవు పెట్టి ఆదివారం రాత్రికి ఇంటికి చేరాలంటే ఉదయ్‌పూర్‌లోనూ రెండే, అదీ విమానాలు సమయానికి కలిస్తే. భోపాల్‌కు రైల్లో వెళ్తే రెండు సాయంత్రాల కోసం నాలుగు రోజులు కావాలి. రెండే రాత్రులు చేతిలో ఉన్నవాళ్ళు ఉదయ్‌పూర్ ఆలోచన మానుకోవడం మంచిది. మూడు రాత్రులైతేనే ఆ ఖర్చుకు, ఆ శ్రమకు న్యాయం జరుగుతుంది.

హైదరాబాద్: ఏ నీటి పక్కన దిగాలి?

"హైదరాబాద్ మనకు తెలియనిదా" అనే మాటే దీని విలువ తగ్గిస్తుంది. పెళ్ళికో, ఆసుపత్రికో, వీసా పనికో వెళ్ళిన హైదరాబాద్ వేరు. చుట్టాలింట్లో దిగకుండా, పని పెట్టుకోకుండా, నీళ్ళు కనబడే గదిలో రెండు రాత్రులు ఉండే హైదరాబాద్ వేరు. అసలు షరతు కూడా అదే: ఎవరింటికీ భోజనానికి వస్తామని మాట ఇవ్వకూడదు. ఒక్క పిలుపుకు ఒప్పుకుంటే ఒక సాయంత్రం పోయినట్టే.

దిగడానికి రెండు ఒడ్డులున్నాయి. ఒకటి ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వించిన హుస్సేన్ సాగర్. ఇంకోటి మాదాపూర్, జూబ్లీహిల్స్ మధ్య రాళ్ళగుట్టల్లో ఉన్న దుర్గం చెరువు.

హుస్సేన్ సాగర్‌కు తూర్పు గట్టు ట్యాంక్‌బండ్, పడమటి ఒడ్డు నెక్లెస్ రోడ్డు. ఈ దిక్కులు తెలిస్తే రోజు ఎలా గడపాలో తెలిసిపోతుంది. ట్యాంక్‌బండ్ మీద నిలబడితే 18 మీటర్ల ఏకశిలా బుద్ధుడి వెనక సూర్యుడు దిగుతాడు, కాబట్టి అది సాయంత్రానికి. నెక్లెస్ రోడ్డు మీద నిలబడితే నీళ్ళ మీదుగా పొద్దు పొడుస్తుంది, కాబట్టి అది ఉదయం నడకకు. ట్యాంక్‌బండ్ వైపున్న పెద్ద హోటల్లో దిగేవాళ్ళు సరస్సు వైపు గదే అడిగి తీసుకోవాలి, రోడ్డు వైపు గది తీసుకుంటే అక్కడ దిగి ఉపయోగం లేదు. రాత్రిపూట దక్షిణపు ఒడ్డు అంతా దీపాలే: 2023 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త సచివాలయం, అదే నెలలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, దగ్గర్లోనే అమరుల జ్యోతి. బుద్ధుడి దగ్గరికి లుంబినీ పార్కు జెట్టీ నుంచి పడవలు వెళ్తాయి. సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందే టికెట్ చేతిలో ఉండాలి, ఆదివారమైతే ఇంకా ముందే.

దాచకుండా చెప్పాల్సిన లోపం వాసన. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చే మురుగు, ఫ్యాక్టరీల నీరు ఈ సరస్సులోకే చేరతాయి. ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు, తొలి వానలకు నాలా కొట్టుకొచ్చినప్పుడు గట్టు మీద నిలబడలేరు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలావరకు ఇబ్బంది ఉండదు. వినాయక నిమజ్జనం రోజుల్లో మాత్రం ఈ ఒడ్డున గది తీసుకోకండి. ట్యాంక్‌బండ్ చుట్టూ రోడ్లు మూసేస్తారు, కారు హోటల్ దాకా రాదు.

దుర్గం చెరువు చిన్నది, కానీ చుట్టూ ఉన్న ఊరు కొత్తది. 2020లో తెరిచిన తీగల వంతెన, రాత్రి దాని రంగుల దీపాలు, చెరువు చుట్టూ నడకదారి, పది నిమిషాల్లో జూబ్లీహిల్స్ కేఫ్‌లు, బట్టల డిజైనర్ల దుకాణాలు ఉన్నాయి. ఐటీసీ కోహినూర్ ఈ చెరువు మీదికే చూస్తూ ఉంటుంది. ఇక్కడ బేరం తెలిసినవాళ్ళకు లాభించే విషయం ఒకటుంది. ఈ ప్రాంతపు హోటళ్ళు సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీల పని మీద వచ్చేవాళ్ళతో నిండుతాయి, శని ఆదివారాల్లో ఖాళీ అవుతాయి. అందుకే అదే గది వారాంతంలో తక్కువకు దొరకడం మామూలే. ఉదయ్‌పూర్‌లో దీనికి సరిగ్గా తలకిందులు, శనివారమే అన్నిటికంటే ఖరీదు.

కారు లేకుండా వచ్చినా దుర్గం చెరువు చేరడం తేలిక. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ బయట ఉన్న సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్‌లో రాయదుర్గం వైపు వెళ్ళే నీలం లైను ఎక్కితే, ఎక్కడా మారకుండా దుర్గం చెరువు స్టేషన్‌లో దిగొచ్చు. బస్సులో వచ్చి ఎల్బీనగర్‌లో దిగేవాళ్ళు ఎర్ర లైను ఎక్కి అమీర్‌పేటలో మారాలి. హుస్సేన్ సాగర్ వైపు దిగేవాళ్ళకైతే అదే ఎర్ర లైనులో లక్డీకాపూల్, ఖైరతాబాద్ స్టేషన్లు దగ్గర.

మొత్తం సెలవులో ఒక్క పూటకు బాగా ఖర్చు పెట్టాలనుకుంటే అది ఫలక్‌నుమా ప్యాలెస్‌లో పెట్టండి. చార్మినార్‌కు దక్షిణంగా గుట్ట మీద నిజాం ఆస్థానంలోని 'పైగా' వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన భవనం ఇది. 2010లో హోటల్ అయింది. 101 మంది వరసగా కూర్చునే భోజనబల్ల ఉన్నది ఇందులోనే. అక్కడ గది తీసుకోకపోయినా జేడ్ రూములో సాయంత్రం తేనీటికో, అదా రెస్టారెంటులో భోజనానికో ముందుగా బుక్ చేసుకుని వెళ్ళొచ్చు. బుకింగ్ లేకుండా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. చెప్పులు, నిక్కర్లతో రానివ్వరు. మాదాపూర్ నుంచి గంటకు పైనే పడుతుంది కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం పాతబస్తీలోనే ఉండేలా చూసుకోండి: పదకొండింటికి చౌమహల్లా ప్యాలెస్, ఆ తర్వాత లాడ్ బజార్ గాజులు, పత్తర్‌గట్టి ముత్యాలు, నాలుగింటికి ఫలక్‌నుమా. చౌమహల్లాకు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. హైదరాబాద్‌కు శని, ఆది, సోమ పెట్టుకోమనడానికి ఇదీ ఒక కారణం.

ఉదయ్‌పూర్: ఏ ఘాట్‌లో దిగితే ఏం కనబడుతుంది?

అందంలో దీనికి సాటి రెండూ లేవు. 1559లో మహారాణా ఉదయ్‌సింగ్ నిలిపిన ఊరు, పిచోలా ఒడ్డునే సిటీ ప్యాలెస్, నీళ్ళ మధ్యలో 1740ల్లో కట్టిన జగ్‌నివాస్, అంటే ఇప్పటి తాజ్ లేక్ ప్యాలెస్, ఇంకాస్త దక్షిణంగా జగ్ మందిర్. వెనకాల ఆరావళి కొండలు. నీళ్ళు, రాతి మేడలు, కొండలు ఒకే చూపులో ఇమిడే ఊళ్ళు దేశంలో ఎక్కువ లేవు.

అయితే ఎక్కడ దిగాలన్న దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. పాత ఊళ్ళో సరస్సుకు తూర్పున లాల్ ఘాట్, గణ్‌గౌర్ ఘాట్ ఉంటాయి. ఎదురుగా పడమటి వైపున హనుమాన్ ఘాట్, అంబ్రాయి ఘాట్ ఉంటాయి. లాల్ ఘాట్ డాబా మీద కూర్చుంటే కొండల వెనక సూర్యాస్తమయం కనబడుతుంది, సిటీ ప్యాలెస్ మాత్రం మీ పక్కనే ఉండిపోయి సరిగ్గా కనబడదు. హనుమాన్ ఘాట్ నుంచి సూర్యాస్తమయం వెనక్కి పోతుంది, కానీ దిగుతున్న ఎండంతా ఎదురుగా ఉన్న ప్యాలెస్ గోడల మీద పడి బంగారంలా మెరుస్తుంది. చీకటి పడ్డాక దీపాలతో ప్యాలెస్ మొత్తం నీళ్ళలో కనబడుతుంది. ఫోటోలకు, రాత్రి భోజనానికి హనుమాన్ ఘాట్ వైపే బాగుంటుంది. బజారుకు, బాగోర్ కీ హవేలీలో రాత్రి ఏడింటికి జరిగే జానపద నృత్యాలకు తూర్పు వైపు దగ్గర. రెండిటి మధ్యా దాయిజీ పులియా అనే నడక వంతెన ఉంది, ఐదు నిమిషాల్లో దాటొచ్చు. అందుకని హనుమాన్ ఘాట్‌లో దిగి అవసరానికి అటు నడవడమే మా సలహా.

ఈ ఘాట్‌లలో హోటళ్ళుగా నడిచే హవేలీలకు, అంటే పాతకాలపు మేడలకు, రెండు చిక్కులు. సందులు ఇరుకు, కారు చివరిదాకా రాదు, మిగతా దూరం ఆటోలోనో నడకనో వెళ్ళాలి. లోపల మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, చాలావాటికి లిఫ్టు ఉండదు, మంచి గదులేమో పై అంతస్తులోనే ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకెళ్తే ఈ హవేలీలు వద్దు. ఫతేసాగర్ వైపు కొత్త హోటల్‌లో దిగండి. ఆ సరస్సు చుట్టూ రోడ్డు చదునుగా ఉంటుంది, సాయంత్రం గట్టు మీద కాఫీ బళ్ళ దగ్గర ఊరి జనమే కనబడతారు. డబ్బుకు వెనకాడనివాళ్ళకు పిచోలా ఒడ్డునే ఒబెరాయ్ ఉదయ్‌విలాస్, లీలా ప్యాలెస్ ఉన్నాయి. నీళ్ళ మధ్యలోని లేక్ ప్యాలెస్‌కు హోటల్ పడవ తప్ప దారి లేదు, గది తీసుకున్నవాళ్ళకే ప్రవేశం అనుకోండి. దాన్ని లోపలి నుంచి కంటే ఎదుటి ఒడ్డు నుంచి చూడటమే అందం. ఆ డబ్బుతో ఒడ్డునే ఇంకో రాత్రి ఉండొచ్చు.

పడవ సంగతి. సిటీ ప్యాలెస్ లోపలున్న రామేశ్వర్ ఘాట్ నుంచి వెళ్ళే పడవ జగ్ మందిర్ దగ్గర ఆపుతుంది. షాజహాన్ యువరాజుగా ఉన్నప్పుడు తండ్రి మీద తిరగబడి తలదాచుకున్న దీవి అదే. ఈ పడవకు ప్యాలెస్ ప్రవేశ రుసుము కూడా కలుస్తుంది, సూర్యాస్తమయం వేళ టికెట్ ధర ఎక్కువ. ప్యాలెస్ మ్యూజియం మధ్యాహ్నం రెండున్నరకు మొదలుపెట్టి అక్కడి నుంచే పడవ ఎక్కేలా చూసుకుంటే ఒకే రుసుముతో రెండూ అవుతాయి. డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో నీళ్ళ మీద గాలి మనం ఊహించనంత చల్లగా ఉంటుంది, రాత్రికి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పోతుంది. మన కోస్తా చలికి కొన్న పల్చటి స్వెట్టరు చాలదు. పగటిపూట మాత్రం మంగళగిరి నూలు బట్టలు హాయిగా ఉంటాయి.

నెల ఎంచుకోవడంలో నీటిమట్టం చూడాలి. ఈ సరస్సులన్నీ వాన నీటి మీదే బతుకుతాయి. వానలు బాగా పడితే సెప్టెంబరుకల్లా నిండుతాయి. వానలు తప్పిన ఏళ్ళలో లేక్ ప్యాలెస్ చుట్టూ నేల బయటపడిన రోజులున్నాయి. మే, జూన్ నెలల్లో ధర తక్కువని వెళ్తే ఎండా, తగ్గిన నీళ్ళూ రెండూ భరించాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెళ్ళిళ్ళ కాలం. ఈ ఊరికి దేశం నలుమూలల నుంచీ పెళ్ళి బృందాలు వస్తాయి. ముహూర్తాల శని ఆదివారాల్లో గదులు దొరకవు, దొరికినా ఎదుటి ఒడ్డున పెళ్ళి పాటలు నీళ్ళ మీదుగా అర్ధరాత్రి దాకా వినబడతాయి. వానలు వెనకబట్టిన సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు మొదటి వారం అన్నిటికంటే మేలు. కొండలు పచ్చగా ఉంటాయి, సరస్సు నిండుగా ఉంటుంది, పెళ్ళిళ్ళు ఇంకా మొదలవ్వవు.

భోజనంలో దాల్ బాటీ చూర్మా, గట్టే కూర తప్పక తినండి. మూడో రోజుకు అన్నం మీదికి మనసు మళ్ళేవాళ్ళు ఓ కందిపొడి పొట్లం పెట్టుకోవచ్చు. ఆవకాయ సీసా అయితే చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులోనే ఉండాలి.

భోపాల్: చదువుకునేవాళ్ళ ఊరు

భోపాల్ మెరిసే ఊరు కాదు. మెల్లగా నచ్చే ఊరు. పెద్ద చెరువు పదకొండో శతాబ్దంలో భోజరాజు కట్టించిందంటారు, ముప్పై చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంది. 2002 నుంచి అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం గుర్తించిన చిత్తడినేలల్లో ఇదీ ఒకటి. శామ్లా హిల్స్ మీద నవాబుల కాలపు జెహాన్ నుమా ప్యాలెస్ హోటల్లోనో, అదే వైపున్న మరో పెద్ద హోటల్లోనో దిగితే బోట్ క్లబ్, చెరువు వెంబడే ఉన్న వన్ విహార్ జంతు ఉద్యానం, కళల కేంద్రం భారత్ భవన్ అన్నీ చేరువ. చార్లెస్ కొరియా రూపకల్పన చేసిన భారత్ భవన్ 1982లో తెరిచారు. మెట్లు మెట్లుగా చెరువు వైపు దిగే ఆ కట్టడం ఒక్కటే ఓ సాయంత్రానికి సరిపోతుంది. సూర్యాస్తమయానికి వీఐపీ రోడ్డు వైపు నిలబడండి. మోటారు పడవల మీద పర్యావరణ ఆంక్షలు వచ్చాయి కాబట్టి పడవ షికారు మీదే ఆశ పెట్టుకుని వెళ్ళకండి, ఏవి నడుస్తున్నాయో హోటల్‌ను అడగండి.

అసలు విజయవాడ, గుంటూరు వాళ్ళు భోపాల్ వెళ్ళడానికి గట్టి కారణం యాభై కిలోమీటర్ల లోపే ఉన్న సాంచీ. మన అమరావతి స్తూపం కట్టడంగా మిగల్లేదు. దాని శిల్పాల్లో ఎక్కువవాటిని చూడాలంటే చెన్నై మ్యూజియానికో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికో పోవాలి. సాంచీలో అండం, అంటే స్తూపపు గుండ్రటి భాగం, ప్రదక్షిణ పథం, నాలుగు తోరణాలు నిలబడే ఉన్నాయి. అమరావతిలో ఉండాల్సింది ఏ తీరుగా ఉండేదో అక్కడ నడిచి తెలుసుకోవచ్చు. మహాస్తూపం దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద ఆనందుడు ఇచ్చిన దానమని బ్రాహ్మీ శాసనం ఉంది. శాతవాహనుల పేరు అక్కడ రాతి మీద చూసినప్పుడు మన ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళకు కలిగే సంతోషం వేరు. గైడును ఆ శాసనం ఎక్కడుందో చూపించమని అడగండి, అడక్కపోతే చాలామంది చూపించరు. పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. ఎండెక్కితే రాతి మీద నడవలేరు. సాంచీ 1989లో, ఇంకో దిక్కున ఇంచుమించు అంతే దూరంలో ఉన్న భీమ్‌బేట్కా రాతి గుహలు 2003లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చాయి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే సాయంత్రం చెరువు దక్కదు. ఒకటి చాలు, అది సాంచీనే కావాలి.

భోపాల్‌లో సోమవారం కలిసిరాదు. గిరిజన మ్యూజియం, మానవ సంగ్రహాలయ, భారత్ భవన్ మూడూ ఆ రోజు మూసే ఉంటాయి. కాబట్టి ఇక్కడికి శుక్ర, శని, ఆది. చందేరీ, మహేశ్వరీ చీరలు ప్రభుత్వ మృగనయని దుకాణంలో కొంటే నేత విషయంలో మోసం ఉండదు. పొద్దున్నే పోహా, జిలేబీ. చౌక్ వైపు వెళ్తే ఉప్పు వేసిన సులేమానీ చాయ్. మొదటి గుక్కకు వింతగా ఉన్నా రెండో కప్పు అడుగుతారు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

గది అద్దెలో ఒక గీత ఉంది, తెలియకపోతే బిల్లు చూసి ఉలిక్కిపడతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 7,400 గదికి మొత్తం 7,770 అవుతుంది, 7,600 గదికి 8,968 అవుతుంది. అద్దెలో రెండు వందల తేడా బిల్లులో పన్నెండు వందలు అవుతోంది. గీతకు ఆనుకుని పైన ఉన్న గది ఎప్పుడూ నష్టమే. కింద ఉన్నదైనా తీసుకోండి, లేదా నిజంగా తేడా కనబడే పెద్ద గదికైనా వెళ్ళండి. ఖరీదైన హోటళ్ళ లోపలి రెస్టారెంట్లలోనూ భోజనం మీద 18 శాతం పడుతుంది, బయట మామూలు రెస్టారెంట్లలో 5 శాతమే. అందుకని గదిలో ఉదయం టిఫిన్ కలిసి ఉండేలా తీసుకుని, మధ్యాహ్నం బయట తిని, రాత్రి ఒక్కపూట మాత్రం హోటల్లో తినడం కుదురుగా ఉంటుంది.

ఉదయ్‌పూర్‌లో ఎక్కువ డబ్బు గదికే పెట్టాలి, ఎందుకంటే అక్కడ కిటికీయే సెలవు. హైదరాబాద్‌లో గది మధ్యరకం చాలు, డబ్బు భోజనానికి పెట్టండి. భోపాల్‌లో రెండు రోజులకూ డ్రైవరుతో కారు మాట్లాడుకోవడమే అసలు సుఖం.

డబ్బు కట్టేముందు హోటల్‌కు ఫోన్ చేసి అడగాల్సినవి అడగాలి. వెబ్‌సైట్‌లో "లేక్ వ్యూ" అని ఉంటే చాలదు. మంచం మీద కూర్చుంటే నీళ్ళు కనబడతాయా, బాల్కనీలోంచి మెడ సాచితే కనబడతాయా? ఏ అంతస్తు? కిటికీ తెరుచుకుంటుందా, అద్దం బిగించేశారా? ఆ తేదీల్లో హోటల్లో పెళ్ళి ఉందా? పక్కన కట్టడం పని నడుస్తోందా? గది ఫోటో వాట్సాప్‌లో పంపమంటే మంచి హోటళ్ళు పంపుతాయి. పంపడానికి సాగదీస్తే అనుమానించాల్సిందే. చెక్-ఇన్ మామూలుగా మధ్యాహ్నం రెండింటికి. పొద్దున్నే దిగేవాళ్ళు సామాను పెట్టుకోనిస్తారా, స్నానానికి చోటుందా అని అడగండి. లేకపోతే మొదటి రోజు చెమట బట్టలతోనే గడిచిపోతుంది.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. దసరా, సంక్రాంతి దగ్గరి శని ఆదివారాలకు మొదటి రోజు పొద్దున్నే తీయాలి.  

ఎవరికి ఏది

రెండే రాత్రులు ఉండి, పిల్లలు చిన్నవాళ్ళయితే హైదరాబాద్, దుర్గం చెరువు వైపు. పెళ్ళై ఏళ్ళు గడిచాక మొదటిసారి ఇద్దరే వెళ్తున్నారంటే, మూడు రాత్రులు తీసుకుని సెప్టెంబరు చివర్లో ఉదయ్‌పూర్, హనుమాన్ ఘాట్. చీరలు, చరిత్ర, బొమ్మలు ఇష్టపడే అమ్మానాన్నలతో అయితే భోపాల్, కానీ విమానంలోనే, రైల్లో వాళ్ళను రెండు రోజులు కూర్చోబెట్టకండి. స్నేహితులు నలుగురైదుగురు కారేసుకుని బయల్దేరితే హైదరాబాదే, అది కూడా హుస్సేన్ సాగర్ వైపు, చలికాలంలో. మే నెలలోనే వెళ్ళక తప్పదంటే మూడిటిలోనూ హైదరాబాద్ ఒక్కటే ఒప్పుకోదగ్గది. పగలంతా సాలార్‌జంగ్‌లో, ఏసీ రెస్టారెంట్లలో గడిపి ఆరు దాటాక బయటికి రావచ్చు. అప్పుడు కూడా గది దుర్గం చెరువు వైపే తీసుకోండి, ఎండల్లో హుస్సేన్ సాగర్ వాసన కిటికీ తెరవనివ్వదు.